పిల్లలకు మానసిక వైద్యులు మందులు రాసినప్పుడు: వేయాలా వద్దా అన్నది ఎలా తేల్చుకోవాలి

‘‘మా అమ్మాయికి సైకియాట్రిస్టు మాత్రలు రాశారండీ, వేయమంటారా, ఆగమంటారా?’’ అనే ప్రశ్న విజయవాడ, గుంటూరు తల్లిదండ్రుల నుంచి నాకు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటుంది. ఇంటర్ ఫలితాలు వెలువడే ఏప్రిల్‌లోనూ, పిల్లల్ని హాస్టళ్లలో దింపి వచ్చిన జూన్, జూలై నెలల్లోనూ ఇంకాస్త ఎక్కువవుతుంది. బడి పిల్లలకు కౌన్సెలింగ్ చేయడం నా పని, మందులు రాయడం కాదు. కాబట్టి ఫలానా మాత్ర వేయండనో, మానేయండనో నేను చెప్పను. ఆ నిర్ణయాన్ని భయంతోనో మొహమాటంతోనో కాకుండా ఒక పద్ధతి ప్రకారం తీసుకోవడం ఎలాగో మాత్రం చెప్పగలను.

చాలామంది దీన్ని ‘జీవితాంతం మందులా, అసలు మందే వద్దా’ అనే ప్రశ్నగా చూసి బెంబేలెత్తిపోతారు. మీరు తేల్చుకోవలసింది అంతకంటే చిన్న విషయం. మీ బిడ్డకున్న ఫలానా ఇబ్బంది తగ్గుతుందేమో చూడటానికి, ఫలానా మందును, ఫలానా గడువు వరకు వాడి చూడటం సబబేనా అన్నదే ఆ విషయం. కింద చెప్పిన మెట్లన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఒక మామూలు నోటుపుస్తకం తీసుకుని రెండు వారాల పాటు బిడ్డ నిద్ర, తిండి, బడి, కోపం, ఏడుపు గురించి రోజుకు రెండు మూడు వాక్యాలు రాయండి. బిడ్డ ఇప్పుడు వాడుతున్న మందులన్నిటి పేర్లు, ఆయుర్వేదం, హోమియో, మూలికలు సహా, ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. పాత రక్తపరీక్షలు, ఓపీ చీటీలు ఒక ఫైలులో పెట్టండి. రెండు వైపుల కుటుంబాల్లో థైరాయిడ్, మూర్ఛ, చిన్న వయసులోనే గుండె ఆగి చనిపోయినవారు, మానసిక జబ్బులు, ఆత్మహత్యలు ఉంటే అవి కూడా రాయండి. బంధువుల పరువు పోతుందని దాచేది సరిగ్గా ఈ వివరాలనే, వైద్యుడికి ఎక్కువగా పనికొచ్చేదీ ఇవే. క్లాస్ టీచరు దగ్గర నాలుగు ముక్కలు రాయించుకుంటే మరీ మంచిది. ఇంట్లో ఆఖరి మాట తాతగారిదో నాయనమ్మదో అయితే వారిని కూడా ఒకసారి వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి; లేకపోతే మందు మొదలుపెట్టిన మూడో రోజున, మీరు ఇంట్లో లేని సమయంలో, అది చెత్తబుట్టలోకి పోతుంది.

1. ఇది ఆగి ఆలోచించగల పరిస్థితేనా అన్నది ముందు చూడండి

బిడ్డ చనిపోవాలని ఉందంటున్నా, చేయి కోసుకుంటున్నా, పక్కన ఎవరూ లేకపోయినా మాటలు వినపడుతున్నాయంటున్నా, రోజుల తరబడి నిద్ర లేకుండా హుషారుగా తిరుగుతూ అంతూపొంతూ లేకుండా మాట్లాడుతున్నా, తిండీ నీళ్లూ మానేసినా ఈ వ్యాసాన్ని పక్కన పెట్టి అదే రోజు వైద్యుడి దగ్గరకు వెళ్లండి. విజయవాడలోనూ గుంటూరులోనూ ప్రభుత్వ సర్వజనాసుపత్రులు ఉన్నాయి, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. రాత్రివేళ ఏం చేయాలో పాలుపోకపోతే మానసిక ఇబ్బందుల్లో ఫోను మీద సాయం చేయడానికి ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి.

హెచ్చరిక: వ్యవసాయం చేసే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు మంచం కిందో, పశువుల కొట్టంలోనో ఉంటాయి. బిడ్డ కుంగిపోయి ఉన్నాడని తెలిసిన రోజే వాటిని ఇంటి నుంచి పూర్తిగా తరలించండి, లేదా తాళం వేసి తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. పెద్దవాళ్ల బీపీ, షుగరు మాత్రలకు, జ్వరం మాత్రలకు కూడా ఇదే వర్తిస్తుంది. మందు వేయాలా వద్దా అన్న చర్చ వారం రోజులు సాగినా ఫరవాలేదు, ఈ పని మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు.

2. ఇబ్బందిని పనుల రూపంలో రాయండి

‘డల్‌గా ఉంటున్నాడు’, ‘మొండికేస్తోంది’, ‘చదువు మీద శ్రద్ధ లేదు’ అని రాస్తే రెండు నెలల తరవాత మందు పనిచేసిందో లేదో ఎవరూ చెప్పలేరు. దాని బదులు ‘మూడు వారాలుగా ట్యూషన్‌కు వెళ్లలేదు’, ‘రాత్రి రెండు దాకా పడుకోవడం లేదు’, ‘చేతులు రోజుకు ముప్పై సార్లు కడుగుతోంది, ఒక్కోసారి పావుగంట పడుతోంది’, ‘బస్సు ఎక్కే ముందు వాంతి చేసుకుంటున్నాడు’ అని రాయండి. ఇలాంటివి మూడు చాలు. ఇవే మీ కొలతలు.

ఆ పక్కనే, వీటివల్ల ఏం ఆగిపోయిందో రాయండి. బడా, స్నేహితులా, ఇంట్లో అన్నం తినడమా, నిద్రా? ఏదీ ఆగకుండా బిడ్డ బాధపడుతుంటే సాధారణంగా మాటల చికిత్సతో (సైకోథెరపీతో) మొదలుపెట్టే వీలుంటుంది. రెండు మూడు ఆగిపోయి నెల దాటిందంటే మందు గురించి మాట్లాడటంలో తప్పు లేదు.

3. శరీరంలోనూ చుట్టుపక్కలా కారణం ఉందేమో వెతకండి

మిర్చి చేలో ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగని, కిందికి ముడుచుకుంటే నల్లి అని చూసుకుని గానీ గుంటూరు రైతు మందు కొట్టడు. పిల్లల విషయంలో మనం చాలాసార్లు ఆ మాత్రం కూడా చూడం.

థైరాయిడ్ తేడాలు, రక్తహీనత కుంగుబాటులా కనిపించవచ్చు. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే కండ పెరిగి రాత్రంతా గురకపెట్టే పిల్లవాడు పగలు కుదురు లేకుండా ఉంటాడు. చూపు, వినికిడి తగ్గిన బిడ్డ క్లాసులో ‘శ్రద్ధ లేని’ బిడ్డ అనిపించుకుంటుంది. కొన్ని క్షణాలు చూపు నిలిచిపోయి మళ్లీ మామూలైపోయే ఒక రకం మూర్ఛను టీచర్లు పరధ్యానం అనుకుంటారు. వీటికి పిల్లల డాక్టరు పరీక్ష, అవసరాన్ని బట్టి మామూలు రక్తపరీక్షలు చాలు. కుంగుబాటుకు స్కానింగుల మీద స్కానింగులు తీయించనక్కర్లేదు.

ఇంకొకటి, వాడుతున్న మందులు. దుమ్ము, మిర్చి ఘాటు వల్ల దగ్గు, పిల్లికూతలు తగ్గని పిల్లలకు మన దగ్గర మాంటెలుకాస్ట్ ఉన్న మాత్రలు నెలల తరబడి వాడుతుంటారు. ఆ మందు కొందరిలో చిరాకు, పీడకలలు, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు తెస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో దాని మీద అత్యంత తీవ్రమైన హెచ్చరికను ముద్రింపజేసింది. మూర్ఛకు వాడే లెవెటిరాసిటామ్ వల్ల కూడా కొందరు పిల్లలకు విపరీతమైన కోపం వస్తుంది. మార్పు ఆ మందు మొదలుపెట్టాక వచ్చిందా అన్నది మీ కాగితంలో తేదీలు చూస్తే తెలిసిపోతుంది. అలా అనిపించినా మీ అంతట మీరు ఆపకండి, ముఖ్యంగా మూర్ఛ మందును. రాసిన వైద్యుడికి చూపించండి.

ఇక చుట్టుపక్కల కారణాలు. హాస్టల్లో ఎవరైనా కొడుతున్నారా, ఏడిపిస్తున్నారా, ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేశారా, ఇంట్లో రోజూ గొడవలా అన్నది బిడ్డను ఒంటరిగా, తిట్టకుండా అడగండి. తెల్లవారుజామున లేపి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టే చోట బిడ్డకు నిద్ర పట్టడం లేదంటే ముందు మార్చవలసింది ఆ చోటునే అని నా అభిప్రాయం. మందు వేసి అదే గదికి, అదే వేధింపుకు తిప్పి పంపితే మందు ఓడిపోయినట్టు కనిపిస్తుంది. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పి తీరాలి. 1098 చైల్డ్‌లైన్‌కు ఫోన్ చేసినా దారి చూపుతారు.

4. సరైన మనిషి దగ్గరకే వెళ్లారా అన్నది చూసుకోండి

మానసిక జబ్బుల మందులు రాయవలసింది సైకియాట్రీలో ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చదివిన వైద్యులు. సైకాలజిస్టులు మాటల చికిత్స చేస్తారు, మందులు రాయరు. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, అడిగితే చూపిస్తారు. గవర్నర్‌పేట, సూర్యారావుపేటల్లోనూ, గుంటూరు కొత్తపేటలోనూ బోర్డులకు కొదవ లేదు, కాబట్టి బోర్డు మీద పేరు కింద ఉన్న డిగ్రీని చదవడం అలవాటు చేసుకోండి.

రద్దీగా ఉండే ఓపీలో ఐదు నిమిషాల్లో చీటీ చేతికొస్తే అది తప్పు చీటీ అని కాదు. అయితే బిడ్డతో విడిగా మాట్లాడకుండా, బడి గురించి అడగకుండా, ఎత్తు, బరువు, నాడి, బీపీ చూడకుండా మందు రాశారంటే అత్యవసరం లేని కేసుల్లో మరొకసారి సమయం అడిగి వెళ్లండి. ‘‘డాక్టరుగారూ, ఈసారి పావుగంట కూర్చుని మాట్లాడాలండీ, ఎప్పుడు రమ్మంటారు?’’ అని అడిగితే కోప్పడే వైద్యులు తక్కువ. కోప్పడితే మరొకరిని చూడటంలో తప్పేమీ లేదు.

5. ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు అక్కడే రాసుకోండి

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం జబ్బు ఏమిటో, ఇవ్వబోయే చికిత్స ఏమిటో, దాని దుష్ప్రభావాలేమిటో అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం హక్కు. పద్దెనిమిదేళ్లు నిండని బిడ్డ తరఫున మామూలుగా తల్లిదండ్రులే ప్రతినిధులు. ఆ హక్కును ఇలా వాడుకోండి.

జబ్బు పేరేమిటి? ఖాయమా, అనుమానమా? ఈ మందు నేను రాసుకొచ్చిన మూడు ఇబ్బందుల్లో దేనికి పనిచేస్తుంది? ఈ వయసు పిల్లలకు దీన్ని పరీక్షించి చూశారా? మందు లేకుండా ఏం చేయవచ్చు, నెల రోజులు ఆగితే ఏమవుతుంది? ఎన్ని వారాలకు గుణం కనిపించాలి? ఏ లక్షణం వస్తే మీకు వెంటనే ఫోన్ చేయాలి, ఏ నంబరుకు? ఎంతకాలం వాడాలి, ఎలా ఆపుతారు?

చీటీలో రెండు మూడు మందులు ఒకేసారి ఉంటే ఒక్కొక్కటి దేనికో విడివిడిగా అడగండి. మూడూ ఒకే రోజు మొదలుపెడితే ఏది మేలు చేసిందో, ఏది నిద్రమత్తు తెచ్చిందో తేలదు. వీలైతే ఒకటొకటిగా మొదలుపెట్టమని కోరవచ్చు.

6. ఏ ఇబ్బందికి మందు ఎంతవరకు పనిచేస్తుందో తెలుసుకోండి

తీవ్రమైన కుంగుబాటు: పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువ ఆధారం ఉన్న మందు ఫ్లూఆక్సెటిన్. అమెరికాలో దానికి 8 ఏళ్ల నుంచి, ఎస్సిటాలోప్రామ్‌కు 12 ఏళ్ల నుంచి కుంగుబాటు చికిత్సకు అనుమతి ఉంది. 12 నుంచి 17 ఏళ్ల మధ్య వయసున్న 439 మంది మీద జరిగి 2004లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో 12 వారాలకు మందు, మాటల చికిత్స రెండూ కలిపి అందుకున్నవారిలో 71 శాతం, మందు ఒక్కటే వాడినవారిలో 61 శాతం, మాటల చికిత్స ఒక్కటే అందుకున్నవారిలో 43 శాతం, మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవారిలో 35 శాతం మెరుగయ్యారు. చివరి అంకెను కూడా శ్రద్ధగా చూడండి: మూడో వంతు మంది అసలు మందు లేకుండానే మెరుగుపడ్డారు. కుంగుబాటు తేలికగా ఉన్నప్పుడు కొన్ని వారాలు ఆగి చూడమనడానికి ఇలాంటి అంకెలే బలం.

భయాలు, ఆందోళన: 2008లో వెలువడిన మరో పరిశీలనలో 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 488 మంది పాల్గొన్నారు. సెర్ట్రలీన్ అనే మందు, మాటల చికిత్స రెండూ కలిపితే 81 శాతం, మాటల చికిత్స ఒక్కటైతే 60, మందు ఒక్కటైతే 55, ఉత్త మాత్రతో 24 శాతం మెరుగయ్యారు. ఆందోళనకు మాటల చికిత్స మందుకు ఏమాత్రం తీసిపోదని దీన్నిబట్టి తెలుస్తోంది. మంచి థెరపిస్టు దొరికితే ముందు అక్కడికే వెళ్లండి. వారం వారం రాలేని పల్లెటూరి వాళ్లయితే, బిడ్డ బడికి పోవడమే మానేస్తే, మందుతో మొదలుపెట్టడం కూడా సమంజసమే. కడిగిందే కడగడం, చూసిందే చూడటం ఆగని ఓసీడీకి కూడా ఇదే క్రమం, తీవ్రంగా ఉంటే రెండూ కలిపి.

కుదురులేమి, ఏడీహెచ్‌డీ: ఆరేళ్లలోపు పిల్లలకు ముందు తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణే చికిత్స. ఆ పైన మిథైల్‌ఫెనిడేట్ బాగా పనిచేస్తుంది, గంటలోపే ప్రభావం తెలుస్తుంది. ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం మామూలుగా కనిపించే ఇబ్బందులు, కాబట్టి టిఫిన్ తిన్నాక ఇవ్వాలి, సాయంత్రం వేళ వద్దు. అది మత్తుమందుల చట్టం పరిధిలో ఉన్నందువల్ల ప్రతి మందుల షాపులోనూ దొరకదు, అయిపోవడానికి వారం ముందే చూసుకోండి. ఆటమాక్సెటిన్ ప్రత్యామ్నాయం; అయితే దాని గుణం కనిపించడానికి వారాలు పడుతుంది.

ఆటిజం: ఆటిజాన్ని తగ్గించే మందు లేదు. విపరీతమైన చిరాకుకు, తనను తాను కొట్టుకోవడానికి రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ వాడతారు. రిస్పెరిడోన్‌తో ఆకలి పెరిగి బరువు వేగంగా ఎక్కుతుంది, కాబట్టి మొదలుపెట్టే ముందే బరువు, షుగరు, కొవ్వు పరీక్షలు చేయించి మళ్లీ మూడు నెలలకు చూడాలి.

బైపోలార్ (అతి హుషారు, కుంగుబాటు మారి మారి వచ్చే జబ్బు), సైకోసిస్ (లేని మాటలు వినపడటం, లేనివి ఉన్నాయని నమ్మడం): వీటిలో ఆగి చూడటమే ప్రమాదం. మందే మొదటి చికిత్స, మాటల చికిత్స దానికి తోడు. ఆడపిల్లకు సోడియం వాల్‌ప్రోయేట్ రాస్తే మరో మందు ఉందా అని తప్పక అడగండి. అది గర్భంలోని శిశువుకు హాని చేస్తుంది, నెలసరి తేడాలు కూడా తెస్తుంది. బైపోలార్‌కు ఇచ్చే లిథియం వాడే బిడ్డ విజయవాడ ఎండల్లో నీళ్లు సరిగా తాగకపోయినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా రక్తంలో మందు మోతాదు ప్రమాదకరంగా పెరగవచ్చు.

మార్కులు తగ్గడం, ఫోను వదలకపోవడం, ఎదురు చెప్పడం, ఆప్తులు పోయిన దుఃఖం, ఇవి వాటంతట అవే మందు వేయవలసిన జబ్బులు కావు. ర్యాంకు కోసం ‘జ్ఞాపకశక్తి మందు’ అడిగే తల్లిదండ్రులు ఇప్పటికీ వస్తున్నారు. అలాంటి మందు లేదు.

7. బిడ్డతో మాట్లాడి, నిర్ణయాన్ని కాగితం మీద పెట్టండి

బిడ్డకు తెలియకుండా పెరుగన్నంలో మాత్ర పొడి కలపడం మన ఇళ్లలో తరచూ జరుగుతుంది. కొన్ని మాత్రలను పొడి చేయకూడదు. అంతకంటే ముఖ్యం, ఆ సంగతి తెలిసిన రోజున బిడ్డ అమ్మ పెట్టిన అన్నాన్ని కూడా నమ్మదు. పద్నాలుగేళ్ల అమ్మాయి ‘‘నాన్నా, నాకు పిచ్చి పట్టిందా?’’ అని అడిగితే జవాబు సూటిగా ఉండాలి: ‘‘కాదమ్మా. నీకు నిద్ర పట్టడం లేదు, బస్సంటే గుండె దడ వస్తోంది. దానికి డాక్టరుగారు ఒక మందు చెప్పారు. ఆరు వారాలు వాడి చూద్దాం. గుణం ఉందో లేదో నువ్వే చెప్పాలి.’’ విటమిన్ మాత్ర అని అబద్ధం చెప్పకండి. ఆ పిల్లకు ఫోనులో మందు పేరు వెతకడం వచ్చు.

తరవాత నోటుపుస్తకంలో ఒక పేజీలో ఐదు విషయాలు రాయండి: మందు పేరు, మోతాదు, మొదలుపెట్టే తేదీ, దేనికోసం, ఎప్పటికి చూసి తేల్చాలి. ఈ ఐదింటిలో ఏదైనా రాయలేకపోతే మీకింకా సమాచారం చాలలేదని అర్థం, మళ్లీ వైద్యుణ్ని అడగండి. వద్దని నిర్ణయించుకున్నా ఒక పేజీ రాయాలి: మందుకు బదులు ఏం చేస్తాం, ఎప్పటికి మెరుగు కనిపించకపోతే మందు గురించి మళ్లీ ఆలోచిస్తాం. గడువు లేని ‘వద్దు’ కూడా గడువు లేని మందు లాంటి పొరపాటే. గుణదల మేరీమాతకో దర్గాకో మొక్కుకున్నారా, వెళ్లి రండి; మందు మాత్రం ఆ కారణంగా ఆపవద్దు, బిడ్డను కొట్టే, కట్టేసే, వాతలు పెట్టే చోటికి అసలే తీసుకువెళ్లవద్దు.

8. మొదటి నాలుగు వారాలు

మందుల షాపులో మాత్రలు తీసుకున్నాక అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరును చదవండి. ఎస్సిటాలోప్రామ్‌తో క్లోనజెపామ్ కలిపిన మాత్రలు మన దగ్గర చాలా దొరుకుతాయి. క్లోనజెపామ్ అలవాటుగా మారే మందు, వారాల తరబడి రోజూ వేసి హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. వైద్యుడు కావాలనే రాశారా, ఎన్ని రోజులకు రాశారు అన్నది తెలుసుకోండి. షాపతను ‘అదే మందండీ, కంపెనీ వేరు’ అని ఇస్తే పేరు, మిల్లీగ్రాములు రెండూ సరిపోయాయో లేదో చూసుకోండి.

కుంగుబాటు మందుల విషయంలో మొదటి వారాల్లోనూ, మోతాదు మార్చినప్పుడూ కాపలా అవసరం. 24 పరిశీలనల సమాచారాన్ని కలిపి చూసిన ఎఫ్‌డీఏ, ఈ మందులు వాడిన పిల్లల్లో సుమారు 4 శాతం మందికి, ఉత్త మాత్ర వాడినవారిలో 2 శాతం మందికి ఆత్మహత్య ఆలోచనలో ప్రయత్నాలో కనిపించాయని తేల్చి 2004లో హెచ్చరిక జారీ చేసింది. ఆ పరిశీలనల్లో ఎవరూ చనిపోలేదు. ఇది మందు మానేయమనే హెచ్చరిక కాదు, గమనిస్తూ ఉండమనే హెచ్చరిక. బిడ్డ ఒక్కచోట కూర్చోలేకపోవడం, మునుపెన్నడూ లేని చిరాకు, నిద్ర పూర్తిగా పోవడం, అతి హుషారు, చావు మాటలు కనిపిస్తే తరవాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు ఫోన్ చేయండి.

రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ లాంటి మందులు మొదలుపెట్టిన రోజుల్లో మెడ ఒక పక్కకు తిరిగిపోవడం, కళ్లగుడ్లు పైకి నిలిచిపోవడం జరగవచ్చు. చూసినవాళ్లు గాలి సోకిందనో, ఫిట్స్ అనో హడలిపోతారు. అది మందు ప్రభావమే, ఆసుపత్రిలో ఒక ఇంజెక్షన్‌తో మామూలుగా కాసేపట్లో తగ్గుతుంది, మందుల చీటీ వెంట తీసుకువెళ్లండి. తీవ్రమైన జ్వరంతో ఒళ్లు కట్టెలా బిగుసుకుపోతే మాత్రం అది ప్రాణాపాయం, క్షణం ఆలస్యం చేయవద్దు.

ఫ్లూఆక్సెటిన్ లాంటి మందులు వాడుతుండగా దగ్గుకు డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న సిరప్, నొప్పికి ట్రమడాల్ షాపులో అడిగి తెచ్చి వేయకండి, వీటిలో ఏదైనా ఆ మందుతో కలిసి హాని చేయవచ్చు. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ఈ మందు వాడుతున్న సంగతి చెప్పండి.

మాత్రలు మీ చేత్తో ఇచ్చి, మింగేదాకా ఉండండి. డబ్బా బిడ్డ చేతికి ఇవ్వకండి. హాస్టల్లో ఉంటే వార్డెన్‌కు వారానికి సరిపడా మాత్రమే, పేరు, వేళ రాసిన కవరులో ఇవ్వండి. అక్కడ రోజూ ఇచ్చే మనిషి ఎవరో తేలకపోతే, మొదటి నెల బిడ్డను ఇంటి దగ్గరే ఉంచుకోవడం మేలు. ఒక పూట మరిచిపోతే తరవాతి పూట రెండు వేయకండి.

9. గుణం ఉందో లేదో కొలవడం

ప్రతి ఆదివారం నోటుపుస్తకం తీసి మొదట రాసుకున్న మూడు ఇబ్బందులకూ సున్నా నుంచి పది వరకు అంకె వేయండి. బిడ్డను కూడా విడిగా వేయమనండి. ఇద్దరి అంకెలూ కలవకపోవడం మామూలే. బిడ్డ ఏడు అంటే మీరు మూడు అనవచ్చు. లోపలి బాధ విషయంలో బిడ్డ అంకెను, బయటి పనుల విషయంలో మీ అంకెను, టీచరు మాటను నమ్మండి. నెలకొకసారి బరువు, ఏడీహెచ్‌డీ మందు అయితే ఆర్నెల్లకొకసారి ఎత్తు కూడా రాయండి.

ఆందోళన, కుంగుబాటు మందుల గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పది రోజులకే ‘పనిచేయలేదు’ అని మానేయడం అందరూ చేసే పొరపాటు; దానికి సరిగ్గా ఎదురు పొరపాటు, ఆర్నెల్లయినా మార్పు లేకుండా అదే చీటీ మీద తెచ్చి వేస్తూ పోవడం. ఆరేడు వారాలకు అంకెలు కదలకపోతే వైద్యుడితో ఈ వరసలో మాట్లాడండి: మందు రోజూ సరిగ్గా పడిందా, మోతాదు చాలిందా, జబ్బు పేరు సరైనదేనా, మూడో మెట్టులో ఏదైనా దాటిపోయిందా. వీటికి జవాబు దొరకకుండా మరో మందు జోడించడానికి తొందరపడవద్దు.

బిడ్డ అల్లరి తగ్గించి ఇంట్లో ఒక మూల కూర్చుంటే మందు పనిచేసిందనుకునేవారు ఉన్నారు. మాట తగ్గి, ఆట తగ్గి, మధ్యాహ్నం దాకా మత్తుగా ఉంటే అది గుణం కాదు, మోతాదు ఎక్కువైందన్న అనుమానం. బిడ్డ మళ్లీ స్నేహితుడితో పోట్లాడి, మళ్లీ కలిసి, రేపు క్రికెట్‌కు వెళతానని అడిగితే అప్పుడు గుణం వచ్చినట్టు.

10. ఆపడం

మెరుగైన రోజే మందు ఆపడం, పండక్కి ఊరెళ్లినప్పుడు మరిచిపోయి వదిలేయడం వల్ల తిరగబెట్టిన సందర్భాలు నేను చాలా చూశాను. మొదటిసారి వచ్చిన కుంగుబాటు, ఆందోళన అయితే, పూర్తిగా బాగైన తరవాత మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా కొనసాగించి, ఆ తరవాత వైద్యుడు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గిస్తారు. అందుకు వేసవి సెలవులు అనువైనవి. పబ్లిక్ పరీక్షల ముందు, కొత్త హాస్టల్లో చేర్చే నెలలో ఆపే పని పెట్టుకోవద్దు. బైపోలార్, సైకోసిస్‌లకు ఈ లెక్క వర్తించదు, వాటి గడువు వేరు.

‘ఆసుపత్రి రికార్డులో పేరు ఉంటే రేపు పెళ్లి సంబంధాలకు అడ్డమవుతుంది’ అన్న భయంతో కొందరు మధ్యలోనే వెళ్లడం మానేస్తారు. చికిత్స వివరాలను బయటపెట్టకూడదని 2017 చట్టమే చెబుతోంది.

ఆపాక కనీసం మూడు నెలలు నోటుపుస్తకం కొనసాగించండి. మోతాదు తగ్గించిన కొద్ది రోజుల్లోనే తల తిరగడం, ఒంట్లో షాకు కొట్టినట్టు ఉండటం, చిరాకు మొదలై క్రమంగా తగ్గిపోతే అవి సాధారణంగా మందు మానడం వల్ల వచ్చేవి. మరీ ఇబ్బంది పెడితే వైద్యుడు ఇంకా నెమ్మదిగా తగ్గిస్తారు. అలా కాకుండా కొన్ని వారాలు బాగానే ఉండి, మొదట రాసుకున్న ఆ మూడు ఇబ్బందులే ఒకటొకటిగా తిరిగి వస్తుంటే అది జబ్బు తిరగబెట్టడం. అప్పుడు పాత చీటీ పట్టుకుని మందుల షాపుకు వెళ్లకుండా, నోటుపుస్తకం పట్టుకుని అదే వైద్యుడి దగ్గరకు వెళ్లండి. ఏ మందు ఎంత మోతాదులో ఎన్ని వారాలకు పనిచేసిందో అందులో ఉంటుంది కాబట్టి రెండోసారి చికిత్సను మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేదు.